తువ్వాలు కింద మూడో చెయ్యి

మా నాయన నెల్లూరు పక్క పల్లెనుంచి మిరపకాయల బస్తాల మీద కూర్చుని మద్రాసు వచ్చాడు. హార్బరు గాలి తగిలే తొండియార్‌పేటలో మిరపకాయల మండీ పెట్టాడు. ఆ మండీ ఘాటు ఎంతటిదంటే, రేవులోకి వచ్చే ఓడలు మా వీధికి ఎదురుగా రాగానే తుమ్మేవి. నేను పుట్టగానే ఏడవలేదు, దగ్గాను. యాభై రెండేళ్లు వచ్చినా ఆ దగ్గు ఆగలేదు. మండీ వదలకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు తేల్చేశాడు. నాయన పోయిన మూడో నెలలో మండీ అమ్మకానికి పెట్టాను.

కొనడానికి వచ్చింది చూలైలో ఉండే మసాలా వ్యాపారి. నాయనతో ముప్ఫై ఏళ్లు బేరాలాడిన మనిషి. వరసేమీ లేకపోయినా నాకు మామ.

ఇప్పుడు బజారంతా ధరలు ఫోనులోనే మాట్లాడుకుంటున్నారు. మా మండీలో మాత్రం పాత పద్ధతే. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవాలి. ఈ బేరానికి వేలంటే పది లక్షలు అనుకున్నాం.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే మా ఆవిడ హెచ్చరించింది.

"ఆడ నోరు తెరవబాకండి. మీరు తెరిస్తే ఎలుక కూడా ఏనుగైపోతుంది."

మిట్టమధ్యాహ్నం. కూలీలు భోజనానికి వెళ్లారు. మామా నేనూ ఓ మిరప బస్తాకు అటూ ఇటూ కూర్చున్నాం. నేను నాయన తువ్వాలే తీశాను. వ్యాపారి పోతే అతని బేరం తువ్వాలును సముద్రంలో వదిలెయ్యాలి, అది మావాళ్ల ఆచారం. నేను వదల్లేదు. మంచి కోయంబత్తూరు నేత, ఇంకో ఏడు తరాలకు చిరగదు, సముద్రానికెందుకు?

మామ చెయ్యి వెచ్చగా, చెమటగా ఉంది. నా నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. నాకది చాలు. సరేనన్నట్టు నొక్కబోయాను.

అప్పుడు మూడో చెయ్యి వచ్చింది.

చల్లగా, ఎండు మిరపతొక్కులా గరుగ్గా ఉంది. చూపుడు వేలు సగమే. నాయన వేలు కాటా కింద నలిగి అలాగే ఉండేది. ఆ మొండి వేలు తగిలితే "అర" అని బజారంతా లెక్క. అమ్మొద్దంటున్నాడేమో అనుకున్నాను. ఆ చెయ్యి నన్ను ఆపలేదు. నన్ను దాటి మామ వేళ్ల మీదికి పోయింది.

మామ కళ్లు అప్పడాలయ్యాయి.

"ఏందల్లుడా, ఐదా?"

తువ్వాలు ఇంకోసారి కదిలింది.

"అయ్యయ్యో, ఐదున్నరా? సరి సరి, ఒప్పుకున్నా! ముందు నీ చెయ్యి తియ్యబ్బా!"

నా రెండు చేతులూ పైకెత్తి చూపించాను. తువ్వాలు కింద మామ చేతిని ఇంకా ఏదో కదుపుతూనే ఉంది.

ఆయన చెయ్యి లాక్కుని, చెప్పులు వదిలేసి, రోడ్డు దాకా పరిగెత్తాడు. అక్కణ్ణుంచే అరిచాడు. "మాట మాటే అల్లుడా! రేపు రిజిస్ట్రాఫీసులో చూద్దాం. నేనింక ఈడికి రాను!"

బేరం కుదిరింది. అయినా బస్తా మీద తువ్వాలు కొంచెం ఎత్తుగానే ఉంది. మెల్లగా చెయ్యి లోపల పెట్టాను.

"అమ్మేశా నాయనా. నీకిష్టమేనా?"

దానికి జవాబు చెప్పే వేలు మా వ్యాపారంలో లేదు. నా చెయ్యంతా పట్టుకున్నాడు.

కూలీలు భోజనం చేసి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.