చప్పుడు చేయని ఫ్యాను

పాపను భుజాన వేసుకుని ఆవిడ మెట్లెక్కుతుంటేనే కంప్యూటరు విడిభాగాల కొట్టు యజమాని నిట్టూరుస్తాడు. నచ్చేదాకా ఆవిడ వదలదు. ఇంట్లో ఉన్నది ఒకటే గది. ఉయ్యాలా అందులోనే, ఆవిడ సొంతంగా బిగించుకుంటున్న కంప్యూటరూ అందులోనే. పాప నిద్రపోయే వేళల్లో దానిమీద పని సాగితేనే, పాప పుట్టినప్పుడు వదిలేసిన ఉద్యోగం తిరిగి దక్కుతుంది. బోర్డు, ప్రాసెసరు ఒకదానికొకటి కుదిరాయి. ప్రాసెసరును చల్లబరిచే ఫ్యాను ఒక్కటే మిగిలింది.

"రంగురంగుల లైట్లున్నాయమ్మా, ఇది పట్టుకెళ్ళు," అన్నాడతను. "లైట్లతో నాకేం పని బాబాయ్? ఒకసారి తిప్పండి." ఫ్యాను రయ్యిమంది. పాప ఉలిక్కిపడి మూలిగింది. ఆవిడ పాప వీపు నిమురుతూ, కింది అరలో దుమ్ముపట్టిన పెద్ద ఫ్యాను చూపించింది. ధర సగమే. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలి తోస్తుంది. "నీ కంప్యూటరు పెట్టెలో పట్టదు తల్లీ. దానికీ మూతకీ ఇరుకు వంటింట్లో అత్తాకోడళ్ళలా రోజూ రాపిడే!" ఆవిడ సంచిలోంచి, పెట్టె లోపలి ఎత్తుకు సరిగ్గా కత్తిరించుకొచ్చిన అట్టముక్క తీసి ఫ్యాను పక్కన నిలబెట్టింది. ఫ్యాను కంటే అట్టముక్కే వేలెడు ఎత్తుగా ఉంది. "పడుతుంది. తిప్పండి." తిరుగుతోందో లేదో తెలియక అతను ఫ్యాను ముందు చెయ్యి పెట్టి చూశాడు. పాప కదల్లేదు. "ఇదే ఇచ్చేయండి," అంది ఆవిడ గుసగుసగా. "అలాగేనమ్మా," అని అతనూ గుసగుసగానే అన్నాడు.