చిన్నల్లుడి జపాను, నా నల్లి బొక్క

కొత్త విమానాశ్రయం వచ్చిన తొలి ఏళ్లలో శంషాబాద్ చుట్టుపక్కల జనమంతా తల పైకెత్తే నడిచేవారు. నేనైతే అక్కడి సరుకుల షెడ్డులో పనికి కుదిరి, విమానాలన్నీ నా సొంత ఆస్తి అన్నట్టు తిరిగేవాణ్ని. (ఒక్కదాంట్లోనూ కూర్చోలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) ఆ దర్జాకి తగ్గట్టే కొత్వాల్‌గూడలోని అత్తగారింట్లో నాకు పెద్దల్లుడి మర్యాదలు జరిగేవి. దసరాకి యాటకూర వండితే మూలుగ నిండిన నల్లి బొక్క నా పళ్లెంలోనే పడాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ.

ఆ ఏడు నా సడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, ఫ్యాక్టరీ తరఫున శిక్షణకని జపాను వెళ్లొచ్చాడు. ఏ టోక్యోకో పోతే కొంత ఓర్చుకునేవాణ్ని. పోయింది తకయామ అట, కొండల నడుమ చిన్న ఊరు. పండక్కి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఇంటిల్లిపాదికీ ఫోటోలు చూపిస్తుంటే నాకు కడుపు మండిపోయింది. ఏటి ఒడ్డున పొద్దుటి అంగడి చూపించాడు. "మన శంషాబాద్‌ల లేదా అంగడి?" అన్నాను. "ఇది వేరే అన్నా, ఇక్కడ ఎవ్వరు గట్టిగ ఒర్రరు" అన్నాడు. "ఒర్రకుంటె అది అంగడెట్ల అయితది?" అన్నాను. పాతకాలం చెక్క ఇళ్ల వీధి చూపించాడు. "మా తాతది గూడ కట్టె ఇల్లే. చెదలు తిన్నది. ఎవడన్న ఫోటో తీసిండా?" అన్నాను. ఆఖరికి ముఖమే లేని ఎర్ర బొమ్మ ఒకటి సంచిలోంచి తీసి, "మనం ఎట్లుంటె ఇది గట్లనే కనవడ్తదట" అన్నాడు. అందరూ దాన్ని చూసి మురిసిపోయారు. నాకు మాత్రం అది మూతి ముడుచుకున్నట్టే కనిపించింది.

భోజనాల దగ్గర అసలు ఘోరం జరిగింది. అత్తమ్మ గరిటె నా పళ్లెం దాటి వాడి పళ్లెం మీద ఆగింది. "పెద్దల్లుడా, ఏమనుకోకు బిడ్డా. ఆ దేశంల కూడు సయించక చిన్నల్లుడు చిక్కిపోయిండు" అంది. నాకసలు బొక్కలంటే ఇష్టమే లేదన్నాను. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చెయ్యి కడుక్కుని డాబా ఎక్కితే వాడూ వెనకే వచ్చాడు. "అన్నా, ఒకటి చెప్త, నవ్వొద్దు. అక్కడ రోజు మామిడికాయ తొక్కేసుకొని అన్నం తిన్న. పండుకుంటె నువ్వు ఈడ నల్లి బొక్క జుర్రుతున్నట్టే కనవడేది. నీ మీద మస్తు కుళ్లుకున్న" అన్నాడు. అబ్బ, ఎంత చల్లటి మాట! ఆనందం పట్టలేక వాడి భుజం మీద చెయ్యేశాను. వెంటనే, "మల్ల ఒకసారి చూపియ్యరాదు ఆ ఫోటోలు" అని కిందికి లాక్కొచ్చాను. "ఈ ఎర్ర వంతెన దాటినంక ఏమొస్తది?" అని అడిగితే, "యాదికి లేదన్నా" అన్నాడు. అంత దూరం పోయి వంతెన అవతల ఏముందో చూడని మనిషిని ఏమనాలి? మళ్లీ కుళ్లు మొదలైంది.

ఆ తర్వాతి పండగలకి నల్లి బొక్క నాకే దక్కింది. అయినా మనసు వంతెన దగ్గరే ఉండిపోయింది. కనబడ్డ ఫోటోనల్లా చూసి ఆ ఊరి సందు సందూ నేర్చుకున్నాను. ఇప్పుడు మా సడ్డకుడు ఆ ఊరి పేరు చెప్పడానికే తడుముకుంటాడు. ఎవరైనా జపాను ఊసెత్తితే పొద్దుటి అంగడికి దారి చెప్పేది నేనే. పోయినవాడు ఎప్పుడో తిరిగొచ్చేశాడు. పోనివాణ్ని, నేనే ఇంకా రాలేదు.