ఫ్లెక్సీకి ఒక ఫొటో

ఆదివారం ఉదయం ఏడూ పదికి మాచర్ల పాతవీధిలో నగిషీలు చెక్కిన ఒక పాత తలుపును ఫొటో తీయబోయాను. తెల్లచీర కట్టి చర్చికి సిద్ధమైన పెద్దామె గుమ్మంలో కూర్చుంది.

"కొంచెం జరుగుతారా అమ్మా, తలుపు పడాలి" అన్నాను.

"తలుపు యాడికి పోద్ది నాయనా? పోయేది నేను. నన్ను తియ్యి, నేను పోయాక ఫ్లెక్సీకి పనికొచ్చుద్ది. మావోళ్ళకి వదిలేస్తే ఆధార్ ఫొటో ఏస్తారు. దాంట్లో కోళ్ళ దొంగలాగుంటా."

నవ్వాను. నిరుడు నా భార్య పోయినప్పుడు ఫ్లెక్సీకి దొరికింది ఆధార్ ఫొటోనే. నాతో ఎన్ని ఊళ్ళు తిరిగినా, గోపురానికో గోడకో అడ్డమని ఆమెను పక్కకు జరగమనేవాణ్ణి.

పెద్దామె ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వింది. తీసి చూపించాను.

"చానా బాగుంది. ఇది చూడ్డానికన్నా జనం వస్తారు" అంది.

ఇప్పుడు ఫొటోకు అడ్డమని ఎవరినీ జరగమనడం లేదు.