బర్రె నోట్ల పోతున్న చెరుకు కొనలు

చెరుకు అసలు గడ్డి జాతేనట, సముద్రం నడుమ వానలు దంచికొట్టే దీవులల్ల పుట్టిందట. మొన్న నా మనుమరాలు పుస్తకం తీసి చదివి చెప్పింది. "గడ్డేనని నాకు ఎన్నడో ఎరుక పిల్లా, బర్రె నోట్లకెళ్లి తెచ్చి నాటిన" అన్న. నమ్మలే. అందుకే గీ ముచ్చట రాస్తున్న.

నైజాం సర్కారు పోయిన కొత్తల ఖానాపూర్ దిక్కున్న మా పుట్టింటి నుంచి నన్ను మెట్‌పల్లి దగ్గరి ఊరికి పెండ్లి చేసి ఇచ్చిండ్రు. మా మామకు రెండెకరాల చెరుకు. లావు గెడ, పండ్లు లేని ముసలోళ్లు సుత నమిలేటంత మెత్తన. చుట్టుపక్కల తెగులొచ్చి ఆ జాతి మొత్తం పోయింది, మా మడిల ఒక్కటే మిగిలింది. దాని మీద మామకు ప్రాణం.

పుష్యంల కోత మొదలైంది. గానుగకు ఎంత పడితె అంతే కోసుడు, రెండు నెలలు సాగుతది. ఏటా గెడ మొత్తం ముక్కలు చేసి నాటేటోడట; ఆ ఏడు మామ విత్తనానికని బాగ ముదిరి తీపెక్కిన మొదళ్లే ఏరి పక్కకు పెట్టించిండు. తీపి నాటితె తీపే వస్తదని ఆయన లెక్క. కొనలేమో కోసేటోళ్లయి. వాళ్ల బర్లకు మేత. ఆ ఊరి రివాజు అది.

నాకు నోరాగలే. మా బాపు ఎన్నడూ మొదలు నాటలే. కొనల కన్ను, అదే గణుపు మీది మొగ్గ, లేతగుంటది, జల్ది మొలుస్తది. "మామా, గా మొదళ్లు మొలవయి" అన్న, పదిమంది ముంగట! అత్త నా కొంగు గుంజింది. మామ నా దిక్కు సుత చూడలే, అత్తతోని అన్నడు: "నీ కోడలికి చెప్పు. ఇవి మొలిస్తె మల్ల గీ ఇంట్ల ఎవుసం మాటెత్తద్దు."

"మొలవకుంటె?" అని నేనే అడిగిన.

"అప్పుడు చూద్దాం." అది సుత అత్తకే చెప్పిండు.

పొద్దు వాలకముందే కోత ముఠా పెద్దామె ఇంటికి పోయిన. ఇచ్చినయి మల్ల అడుగుడు సిగ్గే. సిగ్గయినా అడిగిన. అప్పటికే బర్రె నములుతుంది. ఆమె పక్కున నవ్వి, దాని నోట్లది గుంజి నా చేతుల పెట్టింది. ఇంకో మోపు సుత ఇచ్చింది. "మీ మామ చూస్తె?" అన్నది. "చూస్తె చూడనీ" అన్న. బర్రె ఉపాసం ఉండద్దని మా దొడ్లకెళ్లి చొప్ప మోపు పంపిన.

పెరట్ల తానం నీళ్లు పారే కాడ మూడు సాళ్లు పెట్టిన. నెల తిరిగేసరికి నాయి జానెడు లేచినయి. మామ కోసిన కాడ దున్ని నాటిన మొదళ్లు మడి మొత్తంల ఆడొకటి ఈడొకటి మొలిచినయి, మిగిలినయి చెదలు తిన్నయి. గెలిచిన సంబురం నాకు రాలేదంటె అబద్ధం. వచ్చింది, మస్తు వచ్చింది. గని ఆయన దినాం పొద్దుగాల పోయి కాలి వేలితోని మట్టి తవ్వి చూసి, వచ్చి సగం కంచం వదిలేస్తుంటె, ఆ సంబురం ఎక్కువ దినాలు నిలువలే.

కోతకు ఇంక మడిల ఒక మూల చెక్కే మిగిలింది. అది అయిపోతె, నా మూడు సాళ్లు తప్ప ఆ జాతి విత్తనం ఇగ లేదు, మడికి అవి చాలయి. మామ తానే పెద్దామె ఇంటికి పోయి కొనలడిగిండు. "కొనలు మాయి కద పటేలా. మీ కోడలినొచ్చి అడగమనుండ్రి, ఇస్త" అన్నదట.

తిరిగొచ్చి, పెరట్ల నేను కలుపు తీస్తున్న సాళ్ల కాడ వంగి ఒక మొలకను ముట్టి చూసిండు. పెండ్లయి వచ్చిన నాటినుంచి నాతోని ఒక్క మాట నేరుగ మాట్లాడలే.

"బిడ్డా" అన్నడు, "నేనడిగితె ఇస్తలేదు. జర నువ్వొచ్చి అడుగు."

చేతులు కడుక్కొని ఎల్లిన. నా ఎనుక మామ, బుజం మీద చొప్ప మోపు ఎత్తుకొని.