రెండు బేస్ పెట్టెలు, ఒక అతుకు

మా పేటలో సౌండ్ బాగుందో లేదో చెవితో చూడరు, ఛాతీతో చూస్తారు. పవర్‌లూమ్ కార్ఖానాల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకు చెవులు సగం మూసుకుపోయి ఉంటాయి. మైకులో ఎంత మంచి గొంతు పలికినా వాళ్ళకు దోమ పాటే. బేస్ వచ్చి గుండె మీద గుద్దాలి, అప్పుడే "హా, ఇగ మోగుతుంది" అంటారు. గణపతి ఊరేగింపులో గలగలలాడే లేజిమ్ పట్టుకుని ఆడేవాళ్ళ వెనక వరుసలైతే ఆ గుద్దు మీదే అడుగు వేస్తాయి.

ఇది తొంభైల చివరి మాట. మగ్గం మానేసి సౌండ్ పని పెట్టుకుంటానని నేను ఇంట్లో తెగేసి చెప్పాను. నాయన అంతకంటే తెగేసి చెప్పాడు.

"ఈ ఊరేగింపు నడిపియ్యి. నడిస్తే నీ ఇష్టం. నడువకుంటే తెల్లారి నాతోని పాళీకి రావాలె."

పాళీ అంటే కార్ఖానా షిఫ్టు. ఆ కార్ఖానా అంటే నాకు అసహ్యం. ఇంకొంచెం మెత్తటి మాట ఉందేమో గానీ, నాకు అక్కర్లేదు.

ఆంప్లిఫయర్ లోపలే ఉండే బేస్ పెట్టెలు మా ఊళ్ళోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. కరెంటు ఇచ్చి, సౌండ్ తెచ్చే సన్న వైరు ఒకటి గుచ్చితే చాలు. నా దగ్గర అలాంటిది ఒకటే ఉంది. చుట్టూ గోడలు లేని రోడ్డు మీద ఒక్కటి ఏ మూలకూ చాలదు. కుంఠా నాకాలో ఒకాయన దగ్గర రెండోది కిరాయికి తెచ్చాను. అదే కంపెనీది దొరకలేదు. స్పీకరు సైజూ ఆంప్లిఫయర్ బలమూ దాదాపు ఒకటేనని చూసుకుని, రెంటినీ ఊరేగింపు ట్రాలీ మీద ముందు వైపు పక్కపక్కనే పెట్టాను. అలా పెడితే ఒకదానికొకటి బలమవుతుంది. కిరాయి పెట్టె వైరు మాత్రం మిక్సర్ దాకా అందలేదు. ఇంకో ముక్క తెచ్చి, అతకమని నాయనకిచ్చాను. పడుగు పోగులు అతకడంలో మా పేటలో ఆయనను మించినవాడు లేడు. ఆయన కట్టిన ముడి మగ్గం మీద ఊడిందని ఎవరూ చెప్పగా వినలేదు.

పొద్దున ఒక్కో పెట్టెను విడిగా మోగించి చూస్తే రెండూ దద్దరిల్లాయి. మధ్యాహ్నం జోడ్‌భావి పేట్‌లో ఊరేగింపు కదిలింది. ఢోలు ముందు మైకు పెట్టి రెంటినీ కలిపి వదిలాను. దెబ్బ పడింది. రేకు మీద గులకరాయి పడ్డట్టు టక్కుమంది, అంతే. సౌండ్ పెంచాను. టక్కు పెద్దదైంది గానీ గుద్దు రాలేదు. వెనక వరుసల్లో అడుగులు తప్పాయి. ఒకడి కాలు ముందుకు, పక్కవాడిది వెనక్కి. అరుగుల మీది జనం నవ్వడం మొదలుపెట్టారు.

గణపతి మండలి అధ్యక్షుడు ట్రాలీ పట్టుకుని నడుస్తూ అరిచాడు. "అరే, ఆవాజ్ ఏది? రెండు డబ్బలు దెచ్చినవు, ఒక్కదానంత గూడ లేదు. ముందటి చౌక్ దన్క సూస్త. ఆడ గూడ గిట్లనే ఉంటే దుస్రా సౌండ్‌వాలా తయ్యార్ ఉన్నడు."

"ఒక్క మినిట్ కాకా!"

కిరాయిది ఖరాబైందని ఒకరు, వేరే వేరే కంపెనీలవి జోడీ కుదరవని ఇంకొకరు. సలహాలకు మా పేటలో కరువు లేదు. ట్రాలీ ఆగడం లేదు, చౌక్ దగ్గర పడుతోంది. కిరాయి పెట్టె వైరు పీకాను. గుద్దు వచ్చింది! మళ్ళీ గుచ్చాను, పోయింది. నాది పీకి దాన్ని ఒక్కదాన్నే ఉంచాను, మళ్ళీ వచ్చింది. అంటే రెండూ మంచివే. కలిస్తేనే ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమంటోంది. ఒకటి గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే రెండోది వెనక్కి గుంజుతోంది. కార్ఖానాలో వైర్లు తారుమారైతే మోటరు ఉల్టా తిరుగుతుంది. ఇక్కడా ఎక్కడో తారుమారయ్యాయి. కొత్తగా వచ్చి చేరిన అతుకు ఒక్కటే, నాయనది.

సౌండ్ ఆపి టేపు విప్పాను. పాత ముక్కలో ఎరుపు, తెలుపు పోగులున్నాయి. కొత్త ముక్కలో తెలుపు, నలుపు. నాయన మగ్గం మీద చేసినట్టే రంగుకు రంగు కలిపాడు. తెలుపుకు తెలుపు కట్టి, మిగిలిన ఎరుపుకు మిగిలిన నలుపు కట్టాడు. కానీ పాతదానిలో ఎరుపు చేసే పని కొత్తదానిలో తెలుపు చేస్తుంది. చద్దర్లు నేసేవాడు ఎవడైనా అలాగే కట్టేవాడు.

బ్లేడు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నాయన పక్కనే నడుస్తున్నాడు, చుట్టూ ఆయన కార్ఖానా మనుషులే. ఆ ముడి కోస్తే తప్పెవరిదో అందరి ముందూ తేలిపోతుంది. కోయకపోతే ఒక్క పెట్టెతో చౌక్ దాటలేను. నాకు నాయన మీద కోపమొచ్చింది, వెంటనే జాలీ వేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది.

"కాకా, కిరాయి డబ్బ..." అని మొదలుపెట్టాను.

"డబ్బ మంచిగనే ఉన్నది." నాయన గొంతు. చెవులు సరిగా వినపడని మనిషి కదా, వీధంతా వినేలా అన్నాడు. "ముడి నేనే ఏసిన. అండ్లనే తప్పున్నది, వీని మొకం సూస్తె తెలుస్తలేదా?"

ట్రాలీ ఎక్కి, నా చేతిలోంచి బ్లేడు తీసుకుని, తన ముడిని తనే కోశాడు. తరువాత నా వైపు చూశాడు.

"ఏది దేనికిరా?"

నాయన నన్ను అడిగి పని చేయడం అదే మొదటిసారి.

"ఎరుపుకు తెలుపు. తెలుపుకు నలుపు నాయినా."

"తెలుపుకు నలుపా?" ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఒప్పుకోలేదు. తరువాత కట్టేశాయి.

చౌక్‌లోకి మలుపు తిరుగుతుండగా సౌండ్ వదిలాను. ఢోలు దెబ్బ ట్రాలీ రేకులోంచి నా పాదాల్లోకి ఎక్కింది. వెనక వరుసలన్నీ ఒక్క అడుగైపోయాయి. అధ్యక్షుడు ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. కింద నాయనను దోస్తులు చుట్టుముట్టారు. "ఏందే, నీ ముడి గూడ తప్పుతదా?" అని ఒకడు, "ఇగ మా పోగులు నీకియ్యం" అని ఇంకొకడు. ఆయన తలవంచుకుని నడిచాడు. గెలిచినందుకు నాకు సంతోషం కలగలేదు.

మర్నాడు చీకటి విడవకముందే నాయన లేచాడు. ఊరేగింపు నడిచిన మాట నిజమే గానీ, ఆయన నోటి నుంచి "నీ ఇష్టం" అన్న మాట ఇంకా రాలేదు. లెమ్మంటాడేమోనని దుప్పటి తీసేసి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. ఆయన టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. వంగి నా మీద దుప్పటి కప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి, ఒక్కడే పాళీకి వెళ్ళిపోయాడు.