హాజరు చాలని విజయకుమారి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలైలో, నన్ను ఆసుపత్రి ల్యాబ్ నుంచి రాజమండ్రిలోని ఒక పారామెడికల్ కళాశాలకు డిప్యుటేషన్ మీద పంపారు. హోదా ట్యూటర్. రక్తం, మూత్రం, కఫం పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్లను తయారుచేసే రెండేళ్ల డిప్లొమా కోర్సు నా బాధ్యత.

ఆ బ్యాచ్‌లో విజయకుమారి తప్ప అందరూ ఇంటర్ పూర్తిచేసి నేరుగా వచ్చినవాళ్లే. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. పొద్దున్నే రావులపాలెం మార్కెట్లో అరటి గెలల నుంచి అత్తాలు, అంటే పళ్ల గుత్తులు, కోసి, బస్సెక్కి వచ్చేది. వేళ్ల మీద జిగురు మరకలు ఎప్పుడూ ఉండేవి. నరాన్ని వేలితో తడిమి పట్టుకోవడం అందరికంటే ముందు ఆమెకే పట్టుబడింది. అభ్యాసానికి నా చెయ్యి ఇస్తే, మొదటిసారికే రక్తం తీసింది. స్మియర్, అంటే గాజు పలక మీద పలచగా పరిచి రంగు వేసిన రక్తపు పొర, చూడటానికి మైక్రోస్కోపు ముందు కూర్చుందంటే లేపడం కష్టం.

రెండో ఏడు వాళ్ల అత్తగారికి పక్షవాతం వచ్చింది. విజయకుమారి చాలా రోజులు రాలేదు. పరీక్షకు హాజరు చాలలేదు. తగ్గిన హాజరును మన్నించమని ప్రిన్సిపాల్‌కు సిఫార్సు రాయవలసింది ట్యూటరే. మామూలుగా విద్యార్థి పేరిట మెడికల్ సర్టిఫికెట్ జతచేస్తారు.

"సర్టిఫికెట్ తెచ్చుకో అమ్మా, సంతకం పెడతాను" అన్నాను.

"నాకేం జబ్బు చేయలేదు కదండి మేడమ్. అత్తయ్యగారికి బాగోలేదండి. అదే రాసిస్తానండి" అంది.

ప్రత్యేక కారణమని నేను ఒక్క వాక్యం రాసి ఉంటే ప్రిన్సిపాల్ కాదనేవారు కారు. 'నిబంధనలు అంగీకరించవు' అని రాసి పంపాను. అదే వారం మరో ముగ్గురు టైఫాయిడ్ సర్టిఫికెట్లు తెచ్చారు. వాళ్లకు జ్వరమేమీ రాలేదని తెలిసీ సంతకం చేశాను. వాళ్లు పరీక్ష రాశారు. ఆమె మళ్లీ కళాశాలకు రాలేదు.

రిటైరయ్యాక రావులపాలెం వెళ్లి, మార్కెట్లో ఆమెను కలిశాను. తిరిగి చేరే గడువు అప్పటికే దాటిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. స్టూలు తుడిచి కూర్చోమంది. నా మీద కోపం ఉందా అని అడిగాను.

"కోపమేం లేదండి. పనయ్యాక ఒక్కోసారి మైక్రోస్కోపు గుర్తొస్తుందండి. ఆ గులాబీ రంగు కణాలు, మధ్య మధ్యలో ఊదావి... ఇంకొక్కసారి చూడాలనిపిస్తుందండి. మీకూ అనిపిస్తుందా మేడమ్?"

అనిపిస్తుందన్నాను. గెలల మధ్య కూర్చుని ఇద్దరం కాసేపు కణాల పేర్లు చెప్పుకున్నాం.

నిబంధన పాటించానని చాలాకాలం అనుకున్నాను. ఆ ఏడు నా సంతకం అబద్ధం చెప్పిన ముగ్గురికి దొరికింది, నిజం చెప్పిన మనిషికి దొరకలేదు. కొత్తగా ట్యూటర్లయినవాళ్లు అడిగితే, సిఫార్సు రాసే అధికారం మనకిచ్చింది అసలు కారణం రాయడానికేనని చెబుతున్నాను.