అన్నపూర్ణ అడిగిన పాట

కోడూరులో పుట్టిన అన్నపూర్ణ, గుడివాడ గోడల మీద అంటించిన ప్రకటనల్లో మాత్రం మిస్ అరుణకుమారి. సర్కసు యజమాని పూర్ణచంద్రరావు గారు పెట్టిన పేరది. ఆవిడ కాళ్ళకు చక్రాల జోళ్ళు కట్టించిందీ ఆయనే, ఏ పాటకు తిరగాలో చెప్పిందీ ఆయనే. పాటంటే ఇంకేం పాట, గుర్రాలు పరుగెత్తడానికి వాయించే ఇంగ్లీషు బాండు పాటే. గుర్రాలు ముసలివైతే అమ్మేసి కొత్తవి తెచ్చారు. పాట మాత్రం అదే. దాని వెంట చెక్కబల్లల మీద గిరగిరా తిరిగి తిరిగి అన్నపూర్ణ అలిసిపోయింది.

ఆ ఏడు బందరులో మోకాలు మొరాయించింది. పాట ముందు పోయింది, ఆవిడ వెనకబడింది. జనం నవ్వారు.

"గుడివాడలో కూడా ఇంతే అయితే మర్నాటి నుంచి జానకి ఎక్కుతుంది. నువ్వు వంటలో సాయం చేద్దువుగాని," అన్నారు పూర్ణచంద్రరావు గారు కిళ్ళీ నములుతూ.

జానకి తీగ మీద నడిచే పిల్ల. అక్కా అక్కా అంటూ వెంట తిరుగుతుంది. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా అన్నపూర్ణకు ఓపిక లేదు.

క్లారినెట్ వాయించే మోషేది బంటుమిల్లి. మిషన్ బాండులో నేర్చుకున్నవాడు. గుడివాడలో ఆట రోజు మధ్యాహ్నం డేరా వెనక మోకాలికి ఆముదం రాసుకుంటూ అతన్ని అడిగింది.

"మోషే గారూ, నెమ్మదైన పాటేదైనా వాయిస్తారా? పరుగెత్తలేను గానీ జారగలనండీ. ఒక్క తోపు తోస్తే ఈ చివర్నుంచి ఆ చివరికి పోతాను. ఆ గుర్రాల పాటలో అదెవరికీ కనపళ్ళేదు."

"ఏ పాటమ్మా?"

అన్నపూర్ణ ఆలోచించింది. ఆవిడకు పాటలేం వచ్చు గనక! తుపానులో పోయిన తల్లి దీపం ముందు పాడిన వరస ఒక్కటి గుర్తుంది. మాటలు గుర్తు లేవు. పాలపళ్ళ వయసులో డేరాకి చేరిన పిల్లకు అదేం పాటో తెలియదు, చర్చిలో పెరిగిన మోషేకూ తెలియదు. ఆవిడ కూనిరాగం తీసింది, అతను శ్రద్ధగా పట్టుకున్నాడు.

సాయంత్రం ఆటలో సింహాలకు ముందు ఆవిడ వంతు. క్లారినెట్ మెల్లగా ఎత్తుకుంది. అన్నపూర్ణ ఒక్క తోపు తోసి, చేతులు చాచి జారింది. మోకాలు కిక్కురుమనలేదు. ముందు వరసలో ఉన్న పెద్దావిడ, ప్లీడరు గారి తల్లి భ్రమరాంబ గారు, లేచి నిలబడి చేతులు జోడించింది. ఆవిణ్ణి చూసి పక్కవాళ్ళు లేచారు, వాళ్ళ వెనక మరికొందరు, ఆఖరికి డేరా అంతా లేచింది. ఇన్నేళ్ళలో తనను చూసి లేచి నిలబడ్డవాళ్ళు లేరు. అన్నపూర్ణకు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి వీపులు కనిపించాయి. ఆడవాళ్ళు పిల్లల్ని భుజాన వేసుకుంటున్నారు. మగవాళ్ళు కండువాలు దులుపుకుంటున్నారు.

"కూర్చోండి బాబూ! ఇంకా సింహాలున్నాయి!" పూర్ణచంద్రరావు గారు అడ్డంపడ్డారు.

"మంగళహారతి అయిపోయాక ఇంకేం ఆటండీ?" అన్నాడో రైతు, చెప్పులు వెతుక్కుంటూ. నాటకమైనా హరికథైనా ఆ వరస వినపడితే దణ్ణం పెట్టి ఇంటికి పోవడమే అక్కడి అలవాటు.

మోషే క్లారినెట్ దించబోయాడు. అన్నపూర్ణ కానివ్వమని చెయ్యి ఊపింది. చాపలు ఖాళీ అవుతుంటే పాట చివరిదాకా జారింది. ఇంత బాగా ఎన్నడూ చెయ్యలేదని ఆవిడకు తెలుసు. చూడ్డానికి మోషే, జానకి మిగిలారు.

భ్రమరాంబ గారు పోతూ పోతూ బరి చుట్టూ కట్టిన తాడు దగ్గర ఆగింది. "చల్లగా ఉండు తల్లీ. దేవుణ్ణి తలుచుకుని ముగించారు, బాగుంది," అంది.

పూర్ణచంద్రరావు గారు ఊగిపోతూ వచ్చారు. "రేపట్నుంచి మళ్ళీ గుర్రాల పాటే! వింటున్నావా?"

"రేపు జానకి ఎక్కుతుందండీ," అంది అన్నపూర్ణ, జోళ్ళ పట్టీలు విప్పుతూ. అన్నాక ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

జోళ్ళు జానకి ఒళ్ళో పెట్టి, మోషే వైపు తిరిగింది.

"దానికేం పాట కావాలో ఆయన్ని అడక్కండి మోషే గారూ. దాన్నే అడగండి."